దోమల మేడమ్‌కి ఉత్తరాలు

వానలు మొదలయ్యాయంటే నా పేరున వచ్చే ఉత్తరాల కట్ట లావెక్కుతుంది. ఈసారి గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, పర్లాకిమిడి, అన్ని వైపుల నుంచీ వచ్చాయి. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, బడిలో ఇంగ్లీషు కలిపి బతికేవాళ్లం కదా, ఒకే ఉత్తరంలో మూడూ ఉన్నాయి. జవాబులు మాత్రం తెలుగులోనే ఇస్తాను. ఒక్క సంగతి ముందే చెబుతున్నాను. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ని. దోమలు, ఈగలు, పిడుదులు మోసుకొచ్చే రోగాలు నా పరిశోధన. మందు రాసే డాక్టర్ని కాను. ఇంట్లో జ్వరం ఉంటే పత్రిక వచ్చేదాకా కూర్చోకండి. ముందు ఆశా దీదీ చేత రక్తం చూపించుకోండి, తర్వాత తీరిగ్గా నాకు రాయండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాకు ప్రభుత్వం వాళ్లు రెండు దోమతెరలు ఇచ్చారు. మొదటి రాత్రి పడుకుంటే మొహం చురచురమంది. దాంతో మా మావగారు ఒకటి తీసుకెళ్లి బెండ మడి చుట్టూ కట్టేశారు. రెండోది నేను గెడ్డలో ఉతికి బాగా ఎండలో ఆరేశాను. ఇప్పుడు అందులో మందు ఉన్నట్టా, పోయినట్టా?
– ఒక గృహిణి, గుణుపురం

జవాబు: అమ్మా, ఒక్క ఉతుకుకే పోదు. ఈ తెరల్లో మందుని ఫ్యాక్టరీలోనే దారానికి పట్టిస్తారు. దాదాపు 20 ఉతుకులు, లేదా మూడేళ్ల వాడకం దాకా పనిచేయాలని లెక్క. అయితే ఎండ దానికి శత్రువు. డెల్టామెత్రిన్ లాంటి మందులు ఎండకి విరిగిపోతాయి. ఇకమీదట మామూలు సబ్బుతో, బేసిన్‌లో, చల్లనీళ్లతో జాడించి నీడలో ఆరేయండి. బ్లీచింగు వద్దు, బండకేసి బాదొద్దు.

గెడ్డలో ఉతకడం మాత్రం ఆపేయండి. ఈ మందు మనిషికి పెద్దగా హాని చేయదు, మన కాలేయం దాన్ని తొందరగా విరిచేస్తుంది. చేపకి ఆ శక్తి తక్కువ. చిన్న గెడ్డలో నాలుగిళ్ల తెరలు ఒకేరోజు ఉతికితే కింద పరిగిపిల్లలు తేలతాయి. ఉతికిన నీళ్లు చెరువుకీ బావికీ దూరంగా మట్టిలో పారబోయండి. తెరలతో చేపలు పట్టేవాళ్లకి కూడా ఇదే చెబుతాను గానీ, సంతలో వల ఖరీదు తెలిసినదాన్ని కాబట్టి గట్టిగా కోప్పడలేను.

మొహం చురచురమనడం కొత్త తెరకి మామూలే. ప్యాకెట్టు విప్పాక ఒక రోజంతా నీడలో, గాలి తగిలేచోట వేలాడదీసి ఆ తర్వాత వాడాలి. ఈ ముక్క పంచేవాళ్లు చెప్పకపోతే మంచి తెర కాస్తా బెండ మడికి పోతుంది. మావగారితో నెమ్మదిగా మాట్లాడి అది విప్పించుకు తెచ్చుకోండి. బెండకి మలేరియా రాదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మన కొండల్లో మలేరియాని మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. మురుగు దానికి పడదు. కొండ వార మెల్లగా పారే తేట గెడ్డల అంచున, గడ్డి పోచల మధ్య గుడ్లు పెడుతుంది. రాత్రి పొద్దుపోయాక ఇంట్లోకొచ్చి కుడుతుంది. మైదానం వైపు ఎక్కువగా ఉండే క్యులిసిఫేసిస్ అనే దోమకి మనిషి కన్నా పశువు ఇష్టం. మన కొండల ఫ్లూవియాటిలిస్‌లో ఒక రకానికి మాత్రం మనిషి రక్తమే ముద్దు. కాబట్టి ఇంట్లో, రాత్రి, మంచం దగ్గర దాన్ని ఆపగలిగేది తెరే.

ఇంకో సంగతుంది. నా దృష్టిలో మలేరియా పాఠమంతా ఇందులోనే ఉంది. పుట్టిన దోమ పుట్టినట్టే మలేరియా ఇవ్వలేదు. ముందు అది రోగి రక్తం తాగాలి. ఆ రక్తంతో వచ్చిన పరాన్నజీవి దోమ పొట్ట గోడ మీద పెరిగి, పగిలి, లాలాజల గ్రంథులకి చేరాలి. అందుకు మన వాతావరణంలో పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా దోమకి రెండు మూడు రోజులకోసారి మళ్లీ రక్తం కావాలి. అంటే నలుగురైదుగురి మంచాల దగ్గరికి వెళ్లి బతికి బయటపడ్డ దోమే ప్రమాదం. తెర మీద వాలిన ప్రతిసారీ దానికి గండమే. దోమలన్నీ చావక్కర్లేదు, ముసలివి కాకుండా చస్తే చాలు. అందుకే ఊళ్లో ఎక్కువమంది తెరల్లో పడుకుంటే తెర లేని ఇంటికి కూడా కొంత రక్షణ దొరుకుతుంది.

దోమ వయసు ఎలా తెలుస్తుందని మా పిల్లలు అడుగుతుంటారు. తెల్లారుజామున పశువుల శాలలోనూ మట్టి గోడల మీదా టార్చి వేసి పట్టుకొస్తాం. ఉప్పునీటి చుక్కలో ఆడదోమ పొట్ట విప్పి అండాశయాన్ని మైక్రోస్కోపు కింద చూస్తాం. ఇంకా గుడ్లు పెట్టని దోమకి అక్కడ సన్నటి గాలిగొట్టాల కొసలు ఉండచుట్టుకుని ఉంటాయి. ఒక్కసారి గుడ్లు పెట్టాక ఆ చుట్ట విడిపోతుంది, మళ్లీ చుట్టుకోదు. ఊళ్లో పట్టిన దోమల్లో చుట్ట విడినవి తగ్గుతున్నాయంటే ఆ ఊరి తెరలు పనిచేస్తున్నట్టే. సంచుల కొద్దీ తెరలు పంచామన్న లెక్క కన్నా నాకీ లెక్క మీద నమ్మకం ఎక్కువ.

లెక్కలంటే గుర్తొచ్చింది. ఒడిశాలో 2017లో మూడున్నర లక్షలకి దగ్గరగా నమోదైన మలేరియా కేసులు 2018లో సుమారు 66 వేలకి దిగాయి. తెరలు పంచడంతోపాటు ‘దమన్’ పేరుతో మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకి కూడా రక్తపరీక్ష చేసి మందిచ్చారు. ఒంట్లో పరాన్నజీవి ఉన్నా జ్వరం రాకుండా తిరిగేవాళ్లు కొండ ఊళ్లలో చాలామంది. దోమకి అసలు గాదె వాళ్లే.

ప్రశ్న: గిడుగు రామమూర్తి పంతులుగారికి మలేరియా మందు వల్లే చెవుడు వచ్చిందని మా తాతగారు చెప్పేవారు. నిజమేనా? ఇప్పటి మందులకి కూడా అలాంటి భయం ఉందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, మీ తాతగారు చెప్పింది నిజమే. గిడుగువారు మన ఊళ్లో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకోవడానికి కొండ ఊళ్లు తిరిగారు. అక్కడ మన్యం జ్వరం పట్టుకుంది. ఆ రోజుల్లో ఉన్న మందు క్వినైన్ ఒక్కటే. అది ఎక్కువగా వాడడంతో వినికిడి పోయింది.

సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే క్వినైన్ లోపలి చెవి మీద పనిచేస్తుంది. మొదట చెవుల్లో హోరు, తర్వాత మందగింపు. మందు ఆపితే చాలామందికి మళ్లీ వినిపిస్తుంది. మోతాదు మించి, పదేపదే జ్వరం వచ్చి, పదేపదే మింగితే కొందరికి అలాగే ఉండిపోతుంది. నన్ను ఆశ్చర్యపరిచేది ఆ తర్వాతి కథ. చెవులు పోయినా ఆయన సవర పని వదల్లేదు. 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న కొత్త ఒడిశా రాష్ట్రంలోకి పర్లాకిమిడి వెళ్లడంతో ఆయన ఊరు విడిచి రాజమండ్రి చేరారు. మనవాళ్లు చాలామంది ఇక్కడే ఉండిపోయారు, మనతోపాటు ఆ దోమా ఉండిపోయింది.

ఇప్పటి మందుల సంగతికొస్తే, క్వినైన్ వాడకం బాగా తగ్గింది. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది ఫాల్సిపేరం మలేరియా. మెదడుకెక్కి ప్రాణం తీసేది ఇదే. దీనికి ఆర్టిమిసినిన్ జాతి మందుని మరో మందుతో కలిపి మూడు రోజులిస్తారు. చైనా వాళ్ల పాత వైద్యంలో వాడిన మొక్కలోంచి ఆ మందు తీసిన తు యూయూకి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్క మందే ఇస్తే పరాన్నజీవి దానికి త్వరగా అలవాటు పడుతుంది కాబట్టి రెండు కలుపుతారు. చెవుడు భయం లేదు.

మీరు అడగలేదు గానీ నా భయం ఇంకోచోట ఉంది. వైవాక్స్ అనే రెండో రకం మలేరియా పరాన్నజీవి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. మూడో రోజుకి జ్వరం దిగుతుంది, నాలుగో రోజుకి మాత్రలు గూట్లోకి చేరతాయి. తర్వాత ‘మళ్లీ దోమ కుట్టింది’ అంటారు. దోమని తిట్టక్కర్లేదు, అది పాత జ్వరమే. ఈ మాత్ర గర్భిణులకీ చంటిపిల్లలకీ ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకి దీనితో రక్తకణాలు పగులుతాయి. మాత్ర మొదలుపెట్టాక మూత్రం నల్ల టీ రంగులో వస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రశ్న: ఎయిడ్స్ రోగిని కుట్టిన దోమ మనల్ని కుడితే ఎయిడ్స్ ఎందుకు రాదు? మా లెక్చరర్ రాదన్నారు, ఎందుకో చెప్పలేదు.
– ఇంటర్ విద్యార్థి, బరంపురం

జవాబు: రెండు కారణాలు బాబూ. దోమ మూతిలో రక్తం పైకి పీల్చే దారి వేరు, లాలాజలం లోపలికి వదిలే దారి వేరు. కుట్టినప్పుడు నీ ఒంట్లోకి వచ్చేది దాని లాలాజలం, నిన్న తాగిన రక్తం కాదు. ఇక మలేరియా పరాన్నజీవిలాగా, డెంగీ వైరస్‌లాగా హెచ్‌ఐవీ దోమలో పెరగలేదు. దాని పొట్టలో ఆహారంతోపాటు అరిగిపోతుంది. మీ లెక్చరర్ చెప్పింది సరైనదే.

ప్రశ్న: మా వీధికి పొగ బండి వారంలో రెండుసార్లు వస్తోంది. దోమలు తగ్గలేదు సరికదా, పక్కింటి అబ్బాయికి డెంగీ వచ్చింది. బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నారు. అది మంచిదేనా?
– ఒక పాఠకురాలు, గంజాం జిల్లా

జవాబు: పొగ వచ్చినప్పుడు వీధిలో ఎగురుతున్న దోమలు చస్తాయి. డెంగీ మోసే ఏడిస్ దోమ అప్పుడు ఎక్కడుంటుంది? మీ బీరువా వెనక, మంచం కింద, విడిచిన చీరల మడతల్లో. పొగ బండి వస్తోందంటే మనమేమో కిటికీలు మూసేస్తాం! పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీద జనానికి గురి. తొట్టెలు తోమే మనిషి కనిపించడు కాబట్టి అతని మీద లేదు.

ఏడిస్ నలుపు మీద తెల్ల చారల దోమ. పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నా సాయంత్రం పూటా. పుట్టిన చోటికి మహా అయితే కొన్ని వందల మీటర్ల దూరంలోనే తిరుగుతుంది. అంటే మిమ్మల్ని కుట్టింది మీ ఇంట్లోదో పక్కింట్లోదో. కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక పళ్లెం, మేడ మీద పాత టైరు, తులసికోట పక్కన కుండీ పళ్లెం చూడండి. గుడ్లు నీళ్లలో కాకుండా నీటి మట్టానికి కాస్త పైన గోడకి అంటిస్తుంది. నీళ్లు ఎండినా అవి నెలల తరబడి బతికుండి, మళ్లీ తడి తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడ తోమాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికొక రోజు పెట్టుకుంటే దాని లెక్క తప్పుతుంది.

బొప్పాయి ఆకు సంగతి. ప్లేట్‌లెట్లు కొంత పెరుగుతాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. ప్రాణాలు నిలుస్తాయని మాత్రం ఏదీ రుజువు చేయలేదు. డెంగీలో చంపేది ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే కాదు. రక్తనాళాల్లోంచి ద్రవం కారిపోయి రక్తపోటు పడిపోతుంది. అది జరిగేది జ్వరం తగ్గుతున్నప్పుడు. ‘హమ్మయ్య, జరం దిగింది’ అని ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజులే అసలు గండం. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, కాళ్లూ చేతులూ చల్లబడడం, పిల్లవాడు మగతగా ఉండడం, ఇందులో ఏది కనిపించినా ఆస్పత్రికి పరిగెత్తాలి. చేదు రసానికి వాంతులు చేసుకుంటూ ఒంట్లో నీరు పోగొట్టుకునే పిల్లవాడికి ఆ రసం కన్నా ఓఆర్‌ఎస్, గంజి, కొబ్బరినీళ్లు నయం. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దు. అవి రక్తం కారడాన్ని పెంచుతాయి.

ప్రశ్న: మా అబ్బాయికి వారం రోజులుగా జ్వరం. మలేరియా లేదన్నారు, టైఫాయిడ్ అనుమానమన్నారు, మందులకి తగ్గలేదు. చివరికి పెద్దాస్పత్రిలో చంకలో ఒక నల్లటి పొక్కు చూసి స్క్రబ్ టైఫస్ అన్నారు, రెండు రోజుల్లో తేరుకున్నాడు. ఇది ఏ దోమ వల్ల వస్తుంది?
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: దోమ కాదండీ. తొలకరికి మన పొలాల్లో ఎర్ర ముఖమల్ ముక్కలా తిరిగే ఆరుద్ర పురుగు మీకు తెలుసు కదా. అది నిరపాయమైనది. దాని దూరపు చుట్టమైన ఇంకో చిన్న పురుగు ఉంది. అందులో పెద్దది మనిషి జోలికి రాదు. కంటికి ఆననంత చిన్న పిల్ల పురుగు, దాన్నే చిగ్గర్ అంటారు, పొదల్లో, గడ్డి అంచుల్లో కాచుకుని ఉండి ఎలుకనో మనిషినో పట్టుకుంటుంది. ఒరియెన్షియా అనే బాక్టీరియా దాని ద్వారా ఎక్కుతుంది. తల్లి పురుగు నుంచి గుడ్లకీ ఆ బాక్టీరియా వెళ్లిపోతుంది కాబట్టి, ఒకసారి ఒక పొదలో చేరిందంటే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

కుట్టిన చోట నొప్పీ దురదా ఉండకపోవచ్చు. కొద్ది రోజులకి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అందరికీ రాదు, వచ్చినా కనిపించే చోట రాదు. చంక, గజ్జ, మోకాలి వెనక, బొడ్డు, ఆడవాళ్లకి రొమ్ము కింద వెతకాలి. మొహమాటపడి చూపించరు, డాక్టరు తొందరలో చూడడు. డాక్సీసైక్లిన్ అనే పాత, చవక మందుకి ఈ రోగం ఒకటి రెండు రోజుల్లో లొంగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. మీ అబ్బాయి పొక్కు చూసిన డాక్టరుకి నా తరఫున కూడా ఒక నమస్కారం చెప్పండి. వానలు వెనకబట్టాక, గడ్డి కోతల కాలంలో అయిదు రోజులు దాటిన జ్వరం ఉంటే బట్టలు విప్పి ఒళ్లంతా చూడమని నేను వెళ్లిన ప్రతి ఊళ్లోనూ చెబుతాను. జీడి తోటల్లో పనిచేసేవాళ్లు, కట్టెలకి వెళ్లేవాళ్లు ఇంటికి రాగానే స్నానం చేసి ఆ బట్టలు ఉతికేసుకోవాలి. విప్పిన బట్టలు పక్క మీద పడేయొద్దు.

ప్రశ్న: 2016లో మల్కనగిరిలో అంతమంది పిల్లలు పోయారు. దోమలూ పందులూ కారణమన్నారు. తర్వాత ఏదో మొక్క గింజలన్నారు. అసలు ఏది నిజం?
– ఒక వ్యాపారి, జయపురం

జవాబు: ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ ఏడు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వందకి పైగా పిల్లలు పోయారు. దాదాపు అందరూ కొండ ఊళ్ల బీద పిల్లలు.

కొందరు పిల్లలకి జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అంటే జేఈ, పరీక్షలో తేలిన మాట నిజం. ఆ వైరస్ కొంగల్లోనూ పందుల్లోనూ ఉంటుంది. వరి మడి నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు మోస్తాయి. మనిషి దానికి దారి తప్పిన మజిలీ, ఎందుకంటే మన రక్తంలో అది దోమకి మళ్లీ ఎక్కేంతగా పెరగదు. అందుకే పందుల్ని ఊళ్లకి దూరంగా తోలించారు, పొగలు కొట్టారు.

కానీ చాలామంది పిల్లల్లో జేఈ కనిపించలేదు. ఉన్నట్టుండి వాంతులు, మగత, ఫిట్లు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవడం. పిల్లల వైద్యుడు, వైరస్‌ల నిపుణుడు టి. జాకబ్ జాన్ ఆధ్వర్యంలోని బృందం వచ్చి చూసి, ఒడియాలో ‘బణ చకుండా’ అనే మొక్క గింజల్ని అనుమానించింది. మన తెలుగువాళ్లు కసివింద అంటాం. దిబ్బల మీద, దారి పక్కన పసుపు పూలతో మొలుస్తుంది. వానాకాలం చివర కాయ పడుతుంది. అందులోని ఆంత్రాక్వినోన్ అనే విషాలు కాలేయాన్నీ కండరాన్నీ మెదడునీ కొడతాయి. ఆకలితో ఉన్న పిల్లవాడు పచ్చి గింజలు గుప్పెడు నమిలితే చాలు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో అంతకు ముందే ఇలాంటి మరణాలకి ఈ మొక్కే కారణమని తేలింది.

కాబట్టి రెండూ నిజమే. ఒకే చోట, ఒకే కాలంలో రెండు జబ్బులు, పైకి ఒకే లక్షణాలు. నేను దోమల మనిషినే అయినా దోమ మీద నింద వేసేముందు రుజువు అడుగుతాను. ఒక కారణం దొరకగానే వెతకడం ఆపేస్తే రెండోది అలాగే చంపుకుంటూ పోతుంది. మీ ఇంట్లో పిల్లలుంటే రెండు పనులు చేయండి. జేఈ టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేయించండి. పెరట్లో కసివింద ఉంటే కాయ పట్టకముందే వేళ్లతో పీకేయండి.

ప్రశ్న: ఏటా బోదకాలు మాత్రలని తెచ్చి ఎదురుగా మింగమంటున్నారు. నా కాళ్లు బాగానే ఉన్నాయి. పోయినసారి మింగితే జ్వరం, తలనొప్పి వచ్చాయి. మళ్లీ ఎందుకు మింగాలి?
– ఒక పాఠకుడు, బరంపురం దగ్గరి పల్లె

జవాబు: జ్వరం వచ్చిందా? అయితే మీరు తప్పక మింగాల్సినవాళ్లే. ఒంట్లో బోదపురుగు పిల్లలు లేనివాళ్లకి ఆ మాత్రలతో సాధారణంగా ఏమీ కాదు. అవి ఉండి, మందుకి చస్తున్నప్పుడే జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి, రెండు రోజుల్లో పోతాయి.

ఈ రోగాన్ని మోసేది మురుగు కాలవల్లో పెరిగే క్యూలెక్స్. పెద్ద పురుగులు లింఫ్ నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతూ లక్షల్లో పిల్లల్ని రక్తంలోకి వదులుతాయి. ఆ పిల్లలు పగలు లోపలి నాళాల్లో దాక్కుని, రాత్రి క్యూలెక్స్ కుట్టే వేళకి పైకి వస్తాయి. అందుకే రక్తం తీసేవాళ్లు రాత్రి పది దాటాక తలుపు తడతారు. దొంగలనుకుని కర్రలు పట్టుకొచ్చిన ఊళ్లు నాకు తెలుసు. మాత్రలు ముఖ్యంగా ఈ పిల్ల పురుగుల్ని చంపుతాయి. పెద్ద పురుగులు వయసు తీరి చచ్చేదాకా ఏటా మింగితే దోమకి మీ నుంచి ఎక్కించుకునేది ఏమీ ఉండదు. ఖాళీ కడుపుతో వద్దు. గర్భిణులు, రెండేళ్ల లోపు పిల్లలు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు మింగకూడదు. కాలు ఒకసారి బోదపడ్డాక ఏ మాత్రా దాన్ని పూర్తిగా తగ్గించలేదు. మీ కాళ్లు బాగున్నప్పుడే వచ్చి ఇస్తున్నారు, మింగండి.

ప్రశ్న: మేడమ్, మీకెప్పుడైనా మలేరియా వచ్చిందా? దోమల్ని చంపేటప్పుడు పాపం అనిపించదా?
– ఒక చిలిపి పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: వచ్చింది. రెండో ప్రశ్న దోమని అడుగు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో ఏడు జువాలజీ చదువుతున్నాను. కీటకాల మీద పరిశోధన చేయాలని ఉంది. ఇంట్లో ‘దోమల చదువుకి పెళ్లికొడుకు ఎవడొస్తాడు’ అంటున్నారు. మా కాలేజీలో మంచి ల్యాబ్ కూడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, కొరాపుట్ జిల్లా

జవాబు: అమ్మాయ్, పెళ్లికొడుకు సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను, చిరునామా పంపు. చదువు సంగతి నువ్వు చూసుకో.

నువ్వున్న చోటే ఈ చదువుకి దేశంలో మంచి చోటు. జయపురం కొండల మలేరియా మీద 1910ల నుంచే డాక్టర్లు వచ్చి సర్వేలు చేశారు. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రిసెర్చ్ సెంటర్ కొరాపుట్‌లో ఫీల్డ్ స్టేషన్ పెట్టుకుని పనిచేస్తోంది. ఆ సంస్థలోనే ప్రజారోగ్య కీటకశాస్త్రంలో ఎంఎస్సీ ఉంది. డిగ్రీ అయ్యాక దానికి రాయి. ఈలోగా గణితాన్ని నిర్లక్ష్యం చేయకు. దోమలు పట్టగలిగినవాళ్లు దొరుకుతారు, పట్టినవాటికి లెక్క కట్టగలిగినవాళ్లు దొరకడం కష్టం. సవర, కువి, దేశియా, మీ పక్కన ఏ కొండ భాష మాట్లాడితే అది నేర్చుకో. తెల్లారుజామున ఒకరి పశువుల శాలలోకి టార్చి పట్టుకుని వెళ్లాలంటే వాళ్ల మాటలో అడగాలి. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్ట గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూసి పేరు తెచ్చుకున్నాడు. ఆ దోమలకి ఒళ్లప్పగించిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన దోమకి ఒక అణా లెక్కన ఇచ్చాడు రాస్. నేను క్లాసులో ఆ రెండు పేర్లూ కలిపే చెబుతాను.

ల్యాబ్ లేదని ఆగకు. మొదటి పనికి ఒక తెల్ల పింగాణీ గిన్నె, ఒక గరిటె, మూత ఉన్న చిన్న సీసాలు, ఒక భూతద్దం చాలు. గెడ్డ అంచున, వరి మడిలో, మీ కాలవలో, ఇంటి తొట్టెలో విడివిడిగా గరిటెతో నీళ్లు తీసి గిన్నెలో పోసి చూడు. నీటి మట్టానికి సమాంతరంగా, చాపలా పడుకున్న పిల్ల అనాఫిలిస్. తోక దగ్గరి గొట్టం పైకి పెట్టి తలకిందులుగా వేలాడేది క్యూలెక్స్ గానీ ఏడిస్ గానీ. గొట్టం పొడుగ్గా సన్నగా ఉంటే క్యూలెక్స్, పొట్టిగా లావుగా ఉంటే ఏడిస్. మొదటి నెలకి ఈ తేడాలు పట్టుకుంటే చాలు.

దొరికినవాటిని స్పిరిట్‌లో వేసి నాకు పంపు. సీసా లోపలే పెన్సిల్‌తో రాసిన చీటీ ఉండాలి, పెన్నుతో రాస్తే స్పిరిట్‌కి చెరిగిపోతుంది. ఏ తారీఖు, ఏ ఊరు, ఏ నీళ్లు అన్నవి అందులో ఉండాలి. అవి లేని సీసా మా కాలేజీలో ఎవరు పంపినా నేను మూత తీయను, నీదీ తీయను.